గల్లాపెట్టెలో చెయ్యి, కాటా మీద తరుగు

ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక, ఆనవాలు పట్టే వివరాలు వదిలి, అందులోని విషయాన్ని ముందుగా చెబుతాను.

ఆమెకు 44 ఏళ్లు. పుట్టిల్లు పార్వతీపురం వైపు. మెట్టినింట్లో మామగారి తండ్రి నాటి నుంచీ అటవీ సరుకుల వ్యాపారం ఉంది. కొండల మీది సవరలు సంతకు దించే చింతపండు, జీడిపిక్కలు, పసుపు కొని సరిహద్దు ఇవతలి వర్తకులకు అమ్ముతారు. 12 ఏళ్లుగా కొట్టు పద్దులు ఆమే రాస్తున్నారు. కిందటి ఏడాది, కొట్లో మూడేళ్లుగా పనిచేస్తున్న 19 ఏళ్ల సవర కుర్రవాడు గల్లాపెట్టెలోంచి 3,500 రూపాయలు తీశాడు. తల్లికి మలేరియా ముదిరి తెలివి తప్పితే, బరంపురం ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి తీశానని తర్వాత చెప్పాడు. మొదటి రోజు అడిగితే తానేమీ ఎరగనన్నాడు, మర్నాడు ఒప్పుకుని జీతంలో కోసుకోమన్నాడు. భర్త మందలించి ఊరుకుందామన్నారు. “దొంగతనానికి చిన్నా పెద్దా ఉండవు, ఇవాళ వదిలేస్తే రేపు కొట్టే మిగలదు” అని పట్టుబట్టింది మాత్రం ఈమే. కుర్రవాణ్ణి వర్తకుల పెద్దల ముందు నిలబెట్టారు. నెలకు 8,000 చొప్పున అతనికి రావలసిన రెండు నెలల జీతం ఆపేసి పంపించివేశారు. ఆ తర్వాత అతడు కూలిపనికి కేరళ వెళ్లిపోయాడని విన్నారట.

ఈ ఏడాది చింతపండు దిగే రోజుల్లో భర్తకు గుండెజబ్బు చేసి విశాఖపట్నంలో ఉండవలసి రావడంతో, ఆమె మొదటిసారి సంతలో కాటా దగ్గర కూర్చున్నారు. తూచే కళాసీ “అమ్మగారూ, మామూలు తరుగేనా?” అని అడిగాడు. విచారిస్తే తేలింది ఇది: గోనె బరువు, తేమ, పీచు అన్నీ పైకి చెప్పి తగ్గించాక, చెప్పకుండా క్వింటాలుకు మరో మూడు కిలోలు తీస్తున్నారు. కాటా మీది అంకెలు చదవలేని మనుషుల దగ్గరే ఇది జరుగుతోంది. ఇంటికి వచ్చి పాత పద్దులు తిరగేశారు. ఏడాదికి సుమారు 300 క్వింటాళ్ల చింతపండు కొన్నట్టు ఒక పుస్తకంలోనూ, సుమారు 309 క్వింటాళ్లు అమ్మినట్టు మరో పుస్తకంలోనూ ఉంది. నిలవలో ఎండి తగ్గవలసిన సరుకు ఏటేటా పెరుగుతూ వచ్చింది. “ఆ తేడా ఇదివరకూ నా కంట పడింది. ఎందుకని గట్టిగా అడగలేదు” అని ఆమే రాశారు.

భర్తను అడిగితే, గల్లాలో చెయ్యి పెట్టడం దొంగతనమనీ, తరుగు వ్యాపారంలో భాగమనీ, ఒక్కో మనిషికి నలభై యాభై రూపాయలకు మించి పోదనీ అన్నారు. అత్తగారు, సంతలోని షావుకార్లందరూ తీసేదే కదా, తిలాపాపం తలా పిడికెడు అన్నారు. శ్రావణంలో కూతురి పెళ్లి, బొబ్బిలి సంబంధం. ఆమె అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: “తప్పు తప్పే అయితే మేమూ ఆ కుర్రవాడూ సమానం, మమ్మల్నీ పెద్దల ముందు నిలబెట్టాలి. తప్పుల్లో హెచ్చుతగ్గులు ఉంటే, మాది ఎంత పెద్దది? అందులో నాది ఎంత? నేనిప్పుడు ఏం చెయ్యాలి?”

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకటిగా అల్లుకుపోయాయి. ఒక పని తప్పా కాదా అన్నది ఒకటి. ఆ తప్పు ఎంత బరువైనది అన్నది మరొకటి. మొదటిదానికి అవును, కాదు అన్న రెండు జవాబులే ఉంటాయి. రెండవదానికి ఎన్నో మెట్లు ఉంటాయి. “తప్పు తప్పే” అని మీరు కుర్రవాడితో అన్నప్పుడు మొదటి ప్రశ్నకు సరైన జవాబే చెప్పారు. దానినే రెండవ ప్రశ్నకూ జవాబుగా వాడడం వల్ల అతనికి అన్యాయం జరిగింది.

తప్పులన్నీ సమానమేనన్న వాదం కొత్తదేమీ కాదు, తేలికగా తీసిపారేయవలసినదీ కాదు. ప్రాచీన గ్రీసులో స్టోయిక్కులు అనే తాత్త్వికులు దానినే గట్టిగా నిలబెట్టారు. నీటి మట్టానికి మూరెడు కింద మునిగినవాడూ, నడిసముద్రపు అడుగున మునిగినవాడూ ఇద్దరూ ఊపిరాడక పోయేవారే కదా అన్నది వారు చెప్పిన ఉపమానం. అందులో ఒక నిజం ఉంది: నాది చిన్న తప్పు కాబట్టి అది తప్పే కాదు అనే వీలు ఎవరికీ లేదు. కానీ మూరెడు లోతున ఉన్నవాణ్ణి గట్టున ఉన్నవారు చెయ్యి చాచి లాగవచ్చు. లోతులన్నీ ఒకటే అనుకుంటే ఆ చెయ్యి చాచడానికి కారణమే కనిపించదు. పైగా, చిన్న తప్పు చేసినవాడికి పెద్ద తప్పు దగ్గర ఆగవలసిన అవసరమూ కనిపించదు. 3,500 తీసినా 35,000 తీసినా ఒకే మాట, ఒకే శిక్ష అయితే, 3,500 దగ్గర ఆగినందుకు ఆ కుర్రవాడికి మిగిలిందేమిటి?

మన పెద్దలు ఈ విషయంలో స్టోయిక్కుల దారిన పోలేదు. ధర్మశాస్త్రాలు మహాపాతకాలను వేరుగా, ఉపపాతకాలను వేరుగా చెప్పి, ప్రాయశ్చిత్తాలనూ వేరువేరుగానే విధించాయి. బౌద్ధ భిక్షువుల నియమావళి దొంగతనాన్ని విలువను బట్టి మెట్లుగా విడగొట్టింది. అయిదు మాషకాలు (ఆనాటి నాణేలు), ఆపైన విలువ చేసే వస్తువును దొంగిలించిన భిక్షువు సంఘం నుంచి శాశ్వతంగా వెలి అవుతాడు, అంతకు తక్కువైతే తప్పు ఒప్పుకుని సంఘంలోనే ఉండవచ్చు. మీ గుణుపురం మీదుగా పారే వంశధారకు దిగువన, శాలిహుండం కొండ మీద ఒకప్పుడు బౌద్ధారామం వెలిసింది. అంటే తప్పును తూచి చూడాలన్న ఆలోచన మీ నది ఒడ్డుకు పరాయిది కాదు.

అయితే తూచేవాడికీ ఒక బాధ్యత ఉంటుంది. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథను మీరు వినే ఉంటారు. దొంగలు దాచిన సొమ్ము ఆశ్రమంలో దొరకడంతో, ఏ తప్పూ చేయని ఆ మునిని రాజు కొర్రు వేయించాడు. నాకెందుకు ఈ బాధ అని ముని యమధర్మరాజును అడిగితే, చిన్నతనంలో నీవు పురుగుల తోకల్లో గడ్డిపరకలు గుచ్చావు, దాని ఫలమే ఇది అని చెప్పాడు. అల్పమైన తప్పుకు ఇంత దండన వేసినందుకు ముని యముణ్ణే శపించాడు, యముడు విదురుడై పుట్టాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు చేసినది పాపం కింద రాదని ముని హద్దు కూడా పెట్టాడు. ఈ కథలో పురుగులను హింసించడం మంచిదేనని ఎవరూ అనలేదు. శిక్ష తప్పును మించిపోతే, ఆ మించినంత మేరా శిక్షించినవాడి తప్పవుతుందని మాత్రం కథ సూటిగా చెబుతోంది. యమధర్మరాజుకే తప్పని ఆ లెక్క మీకూ నాకూ తప్పదు.

ఈ లెక్కను మీ కొట్టు పద్దులాగే వేసి చూడండి. కుర్రవాడు తీసింది 3,500. మీరు ఆపింది 16,000. అతని తప్పును పూర్తిగా అతని మీదే వేసి, తీసినదంతా కోసుకున్నా, ఇంకా 12,500 మీ ఇంట్లో ఉంది. ఆ సొమ్ము అతను పనిచేసి సంపాదించుకున్నది. దానిని శిక్ష అని పిలవడానికి మీకు ఏ అధికారమూ లేదు. అతని మీద వేసిన దొంగ అన్న ముద్ర ఈ లెక్కలోకి రానే లేదు.

ఇలా అంటున్నానని ఆ కుర్రవాడి పనిని ఒప్పు చేయబోవడం లేదు. నమ్మి గల్లా దగ్గర ఉంచిన ఇంట్లో తీశాడు, అడిగితే మొదట అబద్ధమాడాడు. అడిగి ఉంటే మీరు ఇచ్చేవారేమో, ఆ అవకాశం మీకు ఇవ్వలేదు. అతని తల్లి కూడా మీ కాటాకే చింతపండు తెచ్చేదని ఉత్తరం చివర్లో రాశారు. తల్లి దగ్గర పోయినది కొడుకు తీసుకున్నాడు అని సరిపెట్టుకోవాలని మీ మనసు లాగుతున్నట్టుంది, ఆ దారి వద్దు. ఆమె ఏడాదికి రెండు క్వింటాళ్లు తెచ్చిందనుకున్నా పోయేది ఆరు కిలోలే, కిలో 35 రూపాయలన్న మీ ధర ప్రకారం 210 రూపాయలు. పైగా తరుగు సంగతి అతనికి తెలుసనడానికి మీ ఉత్తరంలో ఏ ఆధారమూ లేదు. అతను చేసింది బాకీ వసూలు కాదు, ఆపదలో చేసిన దొంగతనం. దానిని అలాగే ఉంచి తూచినప్పుడే అతనికి న్యాయం జరుగుతుంది.

ఇలాంటి తూకం నేటి చట్టంలోనూ ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, 5,000 రూపాయల కన్నా తక్కువ విలువ గల సొత్తును మొదటిసారి దొంగిలించినవాడు దానిని తిరిగి ఇచ్చేస్తే, అతనికి పడే శిక్ష సమాజ సేవ. అదే చట్టం, పనివాడు యజమాని సొత్తును దొంగిలిస్తే ఏడేళ్ల వరకు జైలు వేయవచ్చని వేరే సెక్షనులో అంటోంది. సొత్తు విలువ ఎంత, తిరిగి ఇచ్చాడా లేదా అన్నవి ఒకవైపు తూగితే, నమ్మకాన్ని వమ్ము చేయడం రెండోవైపు తూగుతుంది. నమ్మకం తప్పితే తప్పు బరువెక్కుతుందన్న ఈ సూత్రాన్ని మీరు కుర్రవాడి మీద ప్రయోగించారు. అదే సూత్రాన్ని ఇప్పుడు కాటా దగ్గరకు తీసుకురావాలి.

కాటా దగ్గర జరిగినది ఎంత బరువైనదో రూపాయల్లో చెప్పడం సులువు. 300 క్వింటాళ్ల మీద తొమ్మిది క్వింటాళ్లు, అంటే ఒక్క ఏడాదికి 31,500. కుర్రవాడు తీసినదానికి తొమ్మిది రెట్లు, అదీ ఏటేటా. కానీ అసలు బరువు రూపాయల్లో లేదు. కుర్రవాడు తీసినప్పుడు పోయిందని తెలుసుకోగల స్థితిలో మీరున్నారు: మీ దగ్గర పద్దు ఉంది, పెద్దలున్నారు, పోలీసుస్టేషను ఉంది. కొండ దిగి, నెత్తిన మోపుతో కోసుల దూరం నడిచి వచ్చిన మనిషికి పోయిందని తెలిసే దారే లేదు. ఆమెకు అంకెలు రావు కనుకనే ఆమె దగ్గర తీశారు, అంకెలు వచ్చిన మనిషి దగ్గర తీయలేదు. చేతకానితనాన్ని చూసి ఎంచుకున్న తప్పు ఇది. ఆపదలో ఒక పూట జరిగినది కాదు, ప్రతి సంతలోనూ ప్రశాంతంగా, అలవాటుగా జరిగినది. అందుచేత మీరు అడిగినదానికి దాపరికం లేకుండా చెబుతున్నాను: మీ ఇంటివారి తప్పు కుర్రవాడి తప్పుకన్నా పెద్దది, చాలా పెద్దది.

మీ భర్తగారు చెప్పిన నలభై యాభై రూపాయల మాట నష్టాన్ని పంచి చిన్నది చేసి చూపిస్తోంది. వందలమందికి పంచినా నష్టం తగ్గదు, ఎవరికీ ఫిర్యాదు చేయాలనిపించనంతగా కనపడకుండా పోతుంది, అంతే. మీ అత్తగారి మాట ఇంకా లోతుగా ఆలోచించవలసినది. అందరూ చేస్తున్నారు కనుక మన వంతు పిడికెడే అన్నారావిడ. ఒక్క మీరే తరుగు తీస్తూ ఉంటే, ఆ సవర మనిషి పక్క కాటాకు పోయి బతికేది. సంతలో అందరూ తీస్తున్నారు కనుక ఆమెకు పోవడానికి ఇంకో చోటు లేదు. అందరూ చేయడం ప్రతి ఒక్కరి తప్పునూ తేలిక చేయకపోగా బరువెక్కిస్తోంది. 2009 నాటి తూనికల కొలతల చట్టం కూడా, కొనేటప్పుడు మోసంతో ఎక్కువ సరుకు పుచ్చుకోవడాన్ని, అమ్మేటప్పుడు తక్కువ తూచడంతో పాటుగా నేరమనే చెప్పింది. వ్యాపారంలో భాగమన్న మాటకు అక్కడ చోటు లేదు.

ఇక మీ వంతు. కాటా మీది కాదు, ఆ పద్ధతి పెట్టింది మీరు కాదు, ఈ ఏడాది దాకా సంతకు వెళ్లనే లేదు. మీ భర్తగారి తప్పుతో మీది సమానం కాదు. కానీ ఎండి తగ్గవలసిన సరుకు పెరుగుతోందని పద్దు రాసే మనిషికి తెలియకుండా ఉండదు. తెలియకపోవడం ఒకటి, తెలుసుకోకుండా తప్పుకోవడం మరొకటి. మీది రెండవది, దాని బరువు మీరు అనుకుంటున్నంత తక్కువా కాదు, నిద్ర పట్టని రాత్రుల్లో మీరు ఊహించుకుంటున్నంత ఎక్కువా కాదు. కుర్రవాడి విషయంలో మాత్రం, భర్త వద్దన్నా పట్టుబట్టిన మీదే ప్రధానమైన బాధ్యత. ఈ రెండింటినీ కలిపి ఒకే పెద్ద అపరాధంగా మోస్తున్నారు కనుకనే ఏ వైపు నుంచి సర్దుకురావాలో తోచడం లేదు.

ఏం చెయ్యాలన్నదానికి నేను ఒకే ఆజ్ఞ ఇవ్వలేను. మీ ముందున్న దారులు ఎక్కడికి తీసుకువెళతాయో మాత్రం చెప్పగలను.

అన్నిటికన్నా తేలికైనది, వచ్చే మాఘం నుంచి చెప్పని తరుగు మానేయించడం. ఆ మాట మీ భర్తగారితో ఎదురెదురుగా, ఆయన ఆరోగ్యం కుదుటపడ్డాక, ఇంట్లో మరెవరూ లేనప్పుడు చెప్పండి. లాభంలో ఏడాదికి 31,500 తగ్గుతుందని అంకెతో సహా చెప్పండి, ఎందుకంటే తగ్గేది ఎంతో తెలిస్తే భయం తగ్గుతుంది. ఆయన ఒప్పుకోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న దారి ఇదే. కానీ దీనితోనే ఆగిపోతే, ఇన్నేళ్లు పోగొట్టుకున్నవారికి తమకు ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు.

రెండవది, తీసినదాన్ని తిరిగి చేర్చడం. 12 ఏళ్ల సరుకు ఎవరెవరిదో పూర్తిగా తేల్చలేరు, కానీ ఏటా వచ్చే వాడుక మనుషుల పేర్లు, వారి ఊర్ల పేర్లు మీ పద్దుల్లో ఉంటాయి. వారికి లెక్క కట్టి ఇవ్వవచ్చు, లేదా కొన్ని సీజన్ల పాటు సంత ధర మీద కొంత పెంచి ఇవ్వవచ్చు. ఎందుకిస్తున్నారో చెప్పి ఇస్తే కొందరు నిలదీస్తారు, ఆ హక్కు వారికుంది. తోటి వర్తకులకు కోపం వస్తుంది, సంతలో మీకు ఇబ్బంది పెట్టవచ్చు. చెప్పకుండా ఇస్తే గొడవ ఉండదు, కానీ వారు దానిని మీ దయ అనుకుని మీకు దండం పెడతారు. మోసపోయినవారి చేత దండం పెట్టించుకోవడం నాకు నచ్చదు, మీకూ నచ్చదనే అనుకుంటాను. ఆ సొమ్మును గుడి హుండీలోనో అన్నదానంలోనో వేసి చేతులు దులుపుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినవద్దు. బాకీ ఉన్నది దేవుడికి కాదు.

మూడవది, అన్నీ పెద్దల ముందు బయటపెట్టడం. పెళ్లి ముందు ఇది చేస్తే బొబ్బిలి సంబంధం చెడే ప్రమాదం నిజంగానే ఉంది, మీ అమ్మాయి చేయని తప్పుకు ఆమె నష్టపోతుంది. అందుకే శ్రావణం దాకా ఆగడం పిరికితనమని నేను అనను. పెళ్లి అయిపోయాక మనవల బారసాల దాకా అంటూ వాయిదా వేస్తూ పోతే మాత్రం అంటాను. భర్తగారు తరుగు మానడానికే ఒప్పుకోకపోతే, పద్దు రాయడం మానుకోవడం మీ చేతిలోనే ఉంది. ఆ పని ఇంట్లో కలత రేపుతుంది, అత్తగారికి నచ్చదు, మీ మాటకు ఉన్న గౌరవం కొన్నాళ్లు తగ్గుతుంది. తెలిసి రాసిన పద్దు ఇకపై మీది కూడా అవుతుంది కనుక, ఆ కలతకు సిద్ధపడటంలో తప్పు లేదు.

కుర్రవాడి సంగతి వేరు. దానికి భర్తగారి ఒప్పుదల కోసమో, పెళ్లి గడవడం కోసమో ఆగనక్కరలేదు. అతని తల్లి ఊరు మీకు తెలుసు, ఆమె ద్వారా అతని నంబరు దొరుకుతుంది. 12,500 ముందుగా పంపండి, దానికి లెక్క వివరంగా చెప్పండి. వీలైతే పూర్తి 16,000 ఇచ్చి, 3,500 తిరిగి ఇస్తావా లేదా అన్నది అతని ఇష్టానికే వదలండి. నా మనసుకు ఇదే సబబనిపిస్తుంది, కానీ మొదటిది కూడా అన్యాయం కాదు. ఆ తర్వాత, అతణ్ణి నిలబెట్టిన ఆ పెద్దలలో కనీసం ఇద్దరి ముందు, శిక్ష తప్పును మించిందనీ, జీతం ఇచ్చేశామనీ మీ నోటితో చెప్పండి. తరుగు సంగతి ఆ రోజే చెప్పాలని లేదు. అతను మీ డబ్బు పుచ్చుకుని మాట్లాడకపోవచ్చు, కోపంతో నాలుగు మాటలు అనవచ్చు, తిరిగి పనిలోకి రమ్మంటే రానంటాడు. క్షమించమని మీరు అడగవచ్చు గానీ, క్షమించి తీరాలని ఎదురుచూడకూడదు. అతని తల్లి వచ్చే సీజనులో మళ్లీ మీ కాటాకు వస్తే, అంకె ఎంతో పైకి చదివి, పక్కన చదవగలిగిన మనిషిని చూసుకోమని చెప్పి తూపించండి. ఆమెకే కాదు, వరుసలో నిలబడ్డ ప్రతి మనిషికీ అలాగే తూపించండి.